మేడారంలో నాలుగు రాత్రులు: గుడారానికి 12 వోల్టుల బ్యాటరీయా, పవర్ బ్యాంకా?

డేరా_బ్యాచ్
ఈసారి మేడారం జాతరకు మూడు కుటుంబాలం కలిసి ట్రాక్టర్ మీద పోతున్నాం. పిల్లలతో కలిపి 11 మందిమి. బుధవారం సారలమ్మ గద్దెకు వచ్చే లోపు చేరుకుని, శనివారం వన ప్రవేశం అయ్యాక ఆదివారం పొద్దున బయలుదేరుతాం. అంటే నాలుగు రాత్రులు. నార్లాపూర్ వైపు పొలాల్లో రెండు గుడారాలు, వంటకు ఒక టార్పాలిన్ వేస్తాం.

2024 జాతరలో పక్క డేరా వాళ్ల జనరేటర్ నుంచి వైరు లాక్కున్నాం. స్నానాల దగ్గర తడి నేల మీద వైరు అతుకు పడి ఉంది, ఎవరూ చూడలేదు. మా చిన్నోడు దాని మీద కాలు పెట్టబోతుంటే మా వదిన రెక్క పట్టి లాగింది. ఆ రాత్రి నాకు కన్ను మూత పడలేదు. ఇక గుడారంలోకి 230 వోల్టులు రానిచ్చేది లేదని అప్పుడే అనుకున్నా.

అందుకని మొన్న ఒక సోలార్ లాంతరు కొన్నా. డబ్బా మీద 10,000 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత) అని, రాత్రంతా వెలుగుతుందని రాసి ఉంది. మేడ మీద సాయంత్రం ఆరున్నరకు వేశా. ఎనిమిది కాకముందే ఆరిపోయింది. ఇప్పుడేం చేయాలి? 12 వోల్టుల బ్యాటరీ కొని ఎల్ఈడీ స్ట్రిప్పులు (చిన్న లైట్లు అతికించిన పట్టీలు) కట్టాలా, పవర్ బ్యాంకులు, యూఎస్‌బీ లైట్లు తీసుకోవాలా? 3,000 రూపాయలు దాటొద్దు.

హన్మకొండ_బైకర్
20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులు రెండు, యూఎస్‌బీ బల్బులు నాలుగు. అయిపోయింది. లక్నవరం దగ్గర మేం ఎప్పుడూ ఇదే.

నర్సంపేట_రైతు
బైకర్ తమ్మీ, మీరు పోయేది ఇద్దరు, ఉండేది ఒక్క రాత్రి. ఆయనవి నాలుగు రాత్రులు, 11 మంది.

వైరింగ్_పని
ముందు లెక్క వేసుకోండి. కొనడం తర్వాత. లైటు ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు వెలగాలి, రెండూ గుణిస్తే వాట్ అవర్లు. వోల్టులు, ఎంఏహెచ్‌లు చూసి కొంటే మోసపోతాం.

మీ సంగతే తీసుకుందాం. వంట దగ్గర 7 వాట్ల బల్బు నాలుగు గంటలు: 28. రెండు గుడారాల్లో 3 వాట్లవి మూడేసి గంటలు: 18. దారి చూపడానికి 1 వాట్ లైటు రాత్రంతా, 11 గంటలు: 11. మొత్తం రాత్రికి 57 వాట్ అవర్లు. నాలుగు రాత్రులకు 228.

ఇక పవర్ బ్యాంకు. 10,000 ఎంఏహెచ్ అని రాసేది లోపలి సెల్లు వోల్టేజీ లెక్కన, అంటే 3.7 వోల్టుల మీద. గుణించి వెయ్యితో భాగిస్తే 37 వాట్ అవర్లు. దాన్ని 5 వోల్టులకు మార్చి బయటికి ఇచ్చేటప్పుడు కొంత పోతుంది, చేతికి 30 నుంచి 33 వస్తాయి. అంటే మీ లెక్కకు 10,000 వి ఏడు కావాలి. దానికి తోడు ఫోన్లు కూడా వాటికే పెడతారు!

డేరా_బ్యాచ్
ఏడా! అన్నా, మరి నా లాంతరు మీద కూడా 10,000 అనే ఉంది కదా, గంటన్నరకే ఎందుకు పోయింది?

కాజీపేట_లోకో
స్క్రూలు విప్పి చూడండి. లోపల గుండ్రటి సెల్లు ఉంటుంది, దాన్ని 18650 అంటారు. 18 మిల్లీమీటర్ల మందం, 65 పొడవు. మంచి కంపెనీది అయినా ఒక్క సెల్లు 3,500 దగ్గర ఆగుతుంది. 10,000 అంటే కనీసం మూడు సెల్లులు కనిపించాలి.

డేరా_బ్యాచ్
విప్పా. ఒకటే సెల్లు. దాని మీద ఆకుపచ్చ కాగితం, 1200 అని రాసి ఉంది. మిగతా రెండు సెల్లుల చోటు ఖాళీ. తీగలు కూడా లేవు.

కాజీపేట_లోకో
1200 ఎంఏహెచ్ అంటే 1.2 ఏహెచ్. దాన్ని 3.7 తో గుణించండి. నాలుగున్నర వాట్ అవర్లు కూడా లేదు. 3 వాట్ల లైటు గంటన్నర వెలిగిందంటే అది తన శక్తి మేరకు వెలిగినట్టే. అబద్ధం చెప్పింది డబ్బా. బిల్లు ఉంటే ఆ ఖాళీ ఫొటో తీసి తిరిగి ఇచ్చేయండి.

మంచిర్యాల_మబ్బు
లాంతరు మూత మీద అరచేయంత సోలార్ పలక కూడా ఉంటుంది కదా, దాన్ని కూడా నమ్మకండి. ఆ సైజుది ఒక వాట్ ఇస్తే గొప్ప. రోజంతా మంచి ఎండ తగిలినా నాలుగైదు వాట్ అవర్లు. చెట్టు కింద పెడితే అది కూడా రాదు.

ములుగు_రోడ్డు
ఇంత లెక్క ఎందుకు, ట్రాక్టర్ పక్కనే ఉంటుంది కదా. దాని బ్యాటరీ 12 వోల్టులే. 80 ఏహెచ్ (ఒక ఏహెచ్ అంటే వెయ్యి ఎంఏహెచ్) అనుకున్నా 960 వాట్ అవర్లు. రాత్రికి 57 తీస్తే ఆరు శాతం. క్లిప్పులు తగిలించి వెలిగించుకోండి.

నర్సంపేట_రైతు
ఆ మాట విని నేనొకసారి పడ్డా. లెక్క ప్రకారం నువ్వు చెప్పింది నిజం. కానీ జాతరలో లెక్క ప్రకారం ఎవరుంటారు? ఒకరు వచ్చి ఫోను పెట్టారు, ఇంకొకరు ఇన్వర్టర్ తగిలించి పాటల డబ్బా పెట్టారు, రాత్రంతా డప్పు పాటలు. నాలుగో రోజు పొద్దున సెల్ఫు కొడితే టిక్ టిక్ అని చప్పుడు తప్ప ఇంజిన్ కదల్లేదు. వెనక ట్రాలీలో మా అమ్మ, ఇద్దరు ముసలివాళ్లు. ముందూ వెనకా బండ్లు ఇరుక్కుని ఉన్నాయి, తోసి స్టార్ట్ చేద్దామంటే జాగా లేదు. మూడు గంటలు అక్కడే. ఇంటికి చేర్చే బ్యాటరీని దీపాలకు వాడకండి.

ములుగు_రోడ్డు
పాటల డబ్బాది తప్పు, లైట్లది కాదు కదా కాకా.

నర్సంపేట_రైతు
తప్పు ఎవరిదైతేనేం, ఎండలో నిలబడింది మా అమ్మ.

డేరా_బ్యాచ్
ట్రాక్టర్ వద్దు, అర్థమైంది. మరి వేరే బ్యాటరీ? యూపీఎస్‌లో ఉండే 12 వోల్టులు 7 ఏహెచ్ ది ఒకటి తెచ్చుకోనా?

వైరింగ్_పని
12 × 7 = 84 వాట్ అవర్లు. కానీ అది లెడ్ యాసిడ్. సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే దాని ఆయుష్షు తగ్గుతుంది. కాబట్టి 42 అనుకోండి. ఒక్క రాత్రికి కూడా చాలదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ది, 12.8 వోల్టులు 20 ఏహెచ్ అయితే 256 వాట్ అవర్లు, దాదాపు మొత్తం వాడుకోవచ్చు, బరువు కూడా తక్కువ. కానీ మీ 3,000 లో రాదు.

నర్సంపేట_రైతు
మీ మూడు కుటుంబాల్లో పత్తి వేసేవాళ్లు లేరా? మందు కొట్టే పంపు ఉంటుంది కదా, వీపుకు తగిలించుకునేది. దానిలో ఉండేది 12 వోల్టుల బ్యాటరీయే. కొన్నిటికి 8 ఏహెచ్, కొన్నిటికి 12. పత్తి ఏరడం అయ్యాక ఈ నెలల్లో అది గోడకు వేలాడుతూ ఖాళీగా ఉంటుంది. చార్జర్ కూడా దానితోనే వచ్చింది. రూపాయి ఖర్చు లేదు.

డేరా_బ్యాచ్
కాకా! మా బావ దగ్గర రెండు పంపులున్నాయి. ఇది నాకు తట్టనే లేదు.

పరకాల_పత్తి
మా ఇంట్లో కరెంటు పోతే అదే వాడతాం. ఒక్క సంగతి. పంపు పంపుగా తీసుకుపోకండి. ఎన్నిసార్లు కడిగినా డబ్బాలో, పైపులో మందు ఉంటుంది. బియ్యం, బెల్లం వేసుకునే ట్రాలీలో అది పెడితే ఎలా? అడుగున స్క్రూలు తీసి బ్యాటరీ ఒక్కటే బయటికి తీయండి. దాని మీద కూడా తెల్లటి పొడిలాగా మరకలుంటాయి. చేతులకు తొడుగులు వేసుకుని సబ్బు నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, విడిగా ఒక మూత ఉన్న డబ్బాలో పెట్టుకోండి. ఆ గుడ్డను పారేయండి.

అడవిమల్లె
ఇంత సేపటి నుంచి బ్యాటరీ గురించే మాట్లాడుతున్నారు. లైటు ఎక్కడ కావాలో ఒక్కరూ అడగలేదు. జాతరలో ఆడవాళ్లకు గుడారంలో పెద్ద వెలుతురు అక్కర్లేదు. మరుగుదొడ్డికి వెళ్లే దారిలో కావాలి. రాత్రి రెండింటికి పాప లేస్తే పాల సీసా కనపడేంత కావాలి.

ఇంకో మాట. గుడారం పక్కగా కింద తెల్లటి లైటు పెడితే లోపల చీర మార్చుకునే మనిషి నీడ గుడ్డ మీద నిలువెత్తున పడుతుంది. బయట ఉన్నవాళ్లందరికీ కనిపిస్తుంది. నేను ఒకసారి వాగు నుంచి తడి చీరతో వస్తూ మా పక్క డేరా మీద ఆ నీడ చూసి, పరిగెత్తుకెళ్లి లైటు తీసేయమని చెప్పా. పాపం ఆమెకు తెలియనే తెలియదు. లైటు ఎప్పుడూ నడి మధ్యన, పైన కట్టాలి. అప్పుడు నీడ కాళ్ల దగ్గరే పడుతుంది. స్విచ్చు లోపలివాళ్ల చేతికి అందాలి.

డేరా_బ్యాచ్
అక్కా, ఈ మాట మా ఇంటావిడకు చదివి వినిపించా. పోయినసారి ఆమె చీకట్లోనే బట్టలు మార్చుకుందట, ఎందుకో ఇప్పుడు చెప్పింది.

పరకాల_పెద్దమనిషి
నా చిన్నప్పుడు మేం ఎడ్లబండి మీద వెళ్లేవాళ్లం. బండి ఇరుసుకు కందిలి కట్టేవాడు మా నాయన. దాని వెలుగు ఎడ్ల కాళ్ల వరకే. ముందు బండి కందిలి చూసుకుంటూ వెనక బండి, దాని వెనక ఇంకోటి. తాడ్వాయి అడవిలో ఆ దీపాల వరస ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. పెట్రోమాక్స్ ఉన్న బండి అంటే షావుకారు బండి అని అర్థం.

ఇప్పుడు కూడా కొందరు చలికి గుడారంలో బొగ్గుల కుంపటి, కందిలి పెట్టుకుని జిప్పు వేసుకుంటారు. వద్దు నాయనా. వాటి నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. మీ బ్యాటరీ దీపాలే మేలు.

పాకాల_పిట్ట
పాకాల చెరువు కట్ట వైపు పక్షుల కోసం తెల్లవారకముందే వెళ్తుంటా. నా అనుభవం: తక్కువ వెలుతురులోనే ఎక్కువ కనిపిస్తుంది. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్కసారి తెల్లటి టార్చి కళ్లలో పడితే మళ్లీ మొదటికి వస్తుంది. తలకు కట్టుకునే లైటుకు ఎర్ర లైటు కూడా ఉన్నది కొనండి. గుడారంలో వెతుక్కోవడానికి అది చాలు, పక్కవాళ్ల నిద్ర కూడా చెడదు.

ములుగు_రోడ్డు
ఎర్ర లైటులో పాము సరిగ్గా కనపడదు. నడిచేటప్పుడు తెల్ల టార్చే, అదీ పాదాల ముందు వేసి.

పాకాల_పిట్ట
నడిచేటప్పుడు తెల్లదే, ఒప్పుకుంటా. నేను చెప్పింది గుడారం లోపలి మాట.

మంచిర్యాల_మబ్బు
వంట దగ్గర పచ్చటి వెలుగు పెట్టండి, పసుపు రంగుది. ప్యాకెట్ మీద 2700 కె లేదా 3000 కె అని ఉంటుంది. 6500 కె తెల్లదానికి పురుగులు ఎక్కువ వస్తాయి. వానాకాలం బొగత దగ్గర తెల్ల లైటు కింద అన్నం తిన్నాం, ఉసిళ్లు కూరలో పడ్డాయి. జాతర చలికాలంలో వస్తుంది కాబట్టి అంత ఉండవులెండి.

పరకాల_పత్తి
పురుగుల కన్నా చీమలు. అమ్మవార్లకు తీసుకెళ్లే బంగారం అంటే బెల్లం, ట్రాలీలో ముద్దలు ముద్దలుగా ఉంటుంది. దాన్ని గిన్నెలో వేసి ఆ గిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టుకోండి, లైటు సంగతి తర్వాత.

హన్మకొండ_బైకర్
స్ట్రిప్పు అంటే 5 మీటర్ల చుట్ట కదా. నేను ఒకసారి మొత్తం చుట్ట కట్టా, బ్యాటరీ నుంచి దాని దాకా కొంచెం దూరం ఇయర్‌ఫోన్ వైరు అంత సన్న వైరు లాగి. స్ట్రిప్పు మొదటి భాగం కూడా మిణుకుమిణుకుమంది. అందుకే 12 వోల్టులు వదిలేసి యూఎస్‌బీకి వచ్చా.

వైరింగ్_పని
తప్పు 12 వోల్టులది కాదు తమ్ముడూ, వైరుది. సన్న వైరులోనే వోల్టులు పోతాయి. అదే దూరం యూఎస్‌బీ మీద లాగితే ఇంకా ఘోరం. ఎలాగంటే, 10 వాట్ల లైటు 5 వోల్టుల మీద 2 ఆంపియర్లు తాగుతుంది, 12 వోల్టుల మీద 0.83. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరుతో 15 మీటర్ల దూరం లాగారనుకోండి. పోనూ రానూ 30 మీటర్లు, అర ఓమ్‌కు కాస్త పైనే అడ్డు. 5 వోల్టుల్లో ఒక వోల్టుకు పైగా వైరే తినేస్తుంది, 12 వోల్టుల్లో అర వోల్టు కూడా పోదు. దగ్గరికి యూఎస్‌బీ, దూరానికి 12 వోల్టులు.

పైగా మొత్తం చుట్ట ఎవరికి కావాలి? సన్న రకం స్ట్రిప్పు మీటరుకు 4.8 వాట్లు, చుట్ట అంతా 24. లావు రకం మీటరుకు 14.4, చుట్ట 72 వాట్లు! సన్న రకం తీసుకుని ముక్కలు చేయండి. ప్రతి మూడు ఎల్ఈడీలకు ఒకసారి కత్తెర బొమ్మ, దాని పక్కన రాగి చుక్కలు కనిపిస్తాయి. ఆ గీత మీదే కోయాలి, రాగి చుక్కలు రెండు వైపులా సగం సగం మిగలాలి. ఒక ముక్క 5 సెంటీమీటర్లు, పావు వాట్ కూడా తాగదు.

డేరా_బ్యాచ్
అయితే లెక్క మళ్లీ వేస్తా, తప్పుంటే చెప్పండి. వంట దగ్గర ఒక మీటరు, 4.8 వాట్లు, నాలుగు గంటలు: 19.2. గుడారానికి అర మీటరు చొప్పున రెండు, రెండేసి గంటలు: 9.6. దారిలో చిన్న ముక్కలు రెండు, రాత్రంతా 11 గంటలు: 5.3. మొత్తం 34. నాలుగు రాత్రులకు 136. బావ పంపుల బ్యాటరీలు రెండూ 12 ఏహెచ్ వే, మొత్తం 288, సగం 144. సరిపోతుంది!

వైరింగ్_పని
సరిపోతుంది. కానీ ఆ బ్యాటరీలు కొత్తవైతేనే ఆ లెక్క. రెండేళ్లు పంపు మోసినవైతే ముందే ఒక రాత్రి మేడ మీద వెలిగించి చూడండి. పొద్దున లైట్లు తీసేసి రెండు గంటలాగి వోల్టులు చూసే మీటరు పెట్టండి. నిండుగా ఉంటే 12.7 వోల్టులు, సగం అయితే 12.2 దగ్గర. 12 కు దిగితే ఆపేయాలి.

కాజీపేట_లోకో
ఫ్యూజు మరిచిపోకండి. 12 వోల్టులు షాక్ కొట్టవు అని అందరూ ధైర్యంగా ఉంటారు. షాక్ కొట్టదు, నిజమే, కానీ ప్లస్సు మైనస్సు తగిలితే వైరు ఎర్రగా కాలుతుంది. కింద ఎండు గడ్డి, పైన టార్పాలిన్. మా బంధువుల డేరాలో గుంజకు చుట్టిన వైరు ఒరుసుకుని తోలు పోయి అంటుకుంది, దుప్పటి కాలింది, మనిషికి ఏమీ కాలేదు. ప్లస్సు లగ్గు (బ్యాటరీకి వైరు తగిలించే ముక్క) నుంచి జానెడు దూరం లోపలే 2 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. బండి సామాన్ల షాపులో దొరుకుతుంది.

మంచిర్యాల_మబ్బు
పెద్ద లారీ బ్యాటరీలకు ఎవరూ తగిలించకండి. వాటికి రెండు బ్యాటరీలు వరసగా ఉంటాయి, 24 వోల్టులు. మా వాళ్లు ఆశతో పెట్టారు, స్ట్రిప్పు ఒక్కసారి భగ్గుమని వెలిగి నల్లబడింది.

అడవిమల్లె
తెల్లవారుజామున గుడారం మీద మంచు నీళ్లలా కారుతుంది. ఉత్త స్ట్రిప్పు కొనకండి, మీద మైనంలాగా పూత ఉన్నది, ఐపీ65 అని రాసింది తీసుకోండి.

వైరింగ్_పని
అక్క చెప్పింది నిజం. కోసిన చోట ఆ పూత తెగుతుంది, అక్కడ సిలికాన్ పూసి ఒక పూట ఆరనివ్వండి.

ములుగు_రోడ్డు
చెట్లకు మేకులు కొట్టి కట్టకండి. 2024 ఆగస్టు చివర్లో వచ్చిన గాలివానకు తాడ్వాయి, మేడారం అడవిలో వేల చెట్లు కూలిపోయాయి. మిగిలినవైనా బతకనిద్దాం. నాలుగు వెదురు బొంగులు ట్రాలీలో వేసుకుంటే చాలు.

హన్మకొండ_బైకర్
పవర్ బ్యాంకు పూర్తిగా వదిలేయకండి అన్నా. ఫోన్లకు అదే. ఒక చిక్కు మాత్రం ఉంది, చిన్న లైటు పెడితే కొన్ని పవర్ బ్యాంకులు ఏమీ తగిలించలేదనుకుని వాటంతట అవే ఆగిపోతాయి. అందుకే రాత్రంతా వెలిగే దారి లైటును దానికి పెట్టకండి.

డేరా_బ్యాచ్
నిన్న రాత్రి మేడ మీద మొత్తం కట్టి చూశాం. ఒకే బ్యాటరీ, అన్ని ముక్కలు, ఒక రాత్రి లెక్క ప్రకారం. పొద్దున తొమ్మిదింటికి మీటరు పెడితే 12.5. దారి ముక్కలు రెండూ తెల్లవారినా వెలుగుతూనే ఉన్నాయి. పిల్లలు వాటిని మిణుగురులు అంటున్నారు. మోకాలి ఎత్తున, కిందికి తిప్పి కట్టాం, కళ్లలో పడటం లేదు, రాళ్లు మాత్రం స్పష్టంగా కనపడుతున్నాయి. వంట దగ్గరిది కుండ లోపలికి చాలడం లేదని మా వదిన అంటే తలకు కట్టుకునే లైటు ఒకటి కొన్నా. స్ట్రిప్పు, వైరు, ఫ్యూజులు, లగ్గులు, సిలికాన్, ఆ లైటు అన్నీ కలిపి 1,400 లోపే అయింది. లాంతరు తిరిగి ఇచ్చేశా, ఖాళీ చూపిస్తే మాట్లాడకుండా డబ్బులిచ్చాడు.

నర్సంపేట_రైతు
సంతోషం. తిరిగొచ్చాక ఆ బ్యాటరీలను అలాగే మూలన పడేయకండి. లెడ్ యాసిడ్‌ది ఖాళీగా నెల రోజులుంటే పాడవుతుంది. వచ్చిన రోజే నిండా చార్జ్ పెట్టి పంపులో బిగించండి. వానాకాలం మీ బావ నిన్ను తిట్టుకోకూడదు.

డేరా_బ్యాచ్
చార్జ్ పెట్టే ఇస్తా కాకా. బావ కూడా మాతోనే వస్తున్నాడు, బ్యాటరీ డబ్బా ఆయన చేతిలోనే ఉంటుంది. నార్లాపూర్ వైపు వస్తే మోకాలి ఎత్తున రెండు మిణుగురులున్న డేరా మాది, వచ్చి భోజనం చేసి వెళ్లండి.